కొసరు

గిలకలదిండి రేవులో చేపల వేలంపాట అయిపోగానే ధనరాజు తన పెద్ద తక్కెడ కడిగి, దేశాల రాళ్లు బయటికి తీసేవాడు. పరాయిదేశం వెళ్లాలనుకున్నవాళ్లు ఒక పళ్లెంలో కూర్చుంటే, రెండో దాంట్లో ఆ దేశం రాయి పెట్టేవాడు. మనిషి పళ్లెం కిందికి దిగిందా, వీసా వచ్చినట్టే. హంసలదీవి నుంచి కూడా జనం వచ్చి, చేపలు కొనుక్కుని, పనిలో పనిగా తూగి వెళ్లేవారు.

అమెరికా రాయికి చదువు కావాలి. పెడన నేతగాడు, భారీ మనిషి, కూర్చున్నా పళ్లెం కదల్లేదు. బక్కచిక్కిన ఇంజినీరు కూర్చుంటే ధడాలున దిగింది. సింగపూరుకి పనిమనిషి కడుపు ఖాళీగా ఉండాలి. నెల తప్పినదాన్ని పైకి ఎగరేసేది. నేపాల్‌కి అసలు రాయే లేదు, ఎవరైనా వెళ్లొచ్చు. వెళ్లేవాడేడీ? గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు మాత్రం ముందు మన దేశం రాయే దాటాలి. ఇంటిపనికైతే ముప్పై ఏళ్లు నిండాలి. అదంతా ఆడవాళ్ల మేలు కోసమేనట!

చేపలమ్మే మాణిక్యానికి ఇరవై ఆరు. వేటకెళ్లిన మొగుడు తిరిగి రాలేదు. తన నెత్తిమీది గంప నాలుగేళ్ల కూతురు శ్రీదుర్గ నెత్తికెక్కకూడదని ఆమె పంతం. కువైట్ వెళ్తానని అత్త దుర్గాదేవినీ, పిల్లనీ వెంటబెట్టుకుని వచ్చి పళ్లెంలో కూర్చుంది.

"నాలుగేళ్లు తక్కువైంది చెల్లెమ్మా," అన్నాడు ధనరాజు, మన దేశం రాయి పెట్టి.

తూకం చాలకపోతే ఏం చెయ్యాలో చేపలమ్మే మనిషికి ఒకరు చెప్పాలా? మాణిక్యం చటుక్కున శ్రీదుర్గని ఒళ్లోకి లాక్కుంది.

"కొసరు వేసుకో అన్నా."

"కొసరేస్తే మళ్లీ తియ్యకూడదు. నీకు తెలియంది కాదు."

"తెలుసులే, తూచు."

పళ్లెం దిగింది. మాణిక్యం చెంప దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఒళ్లో శ్రీదుర్గ నాలుగేళ్లూ పోయి, బొడ్డూడని పసిగుడ్డయి కేర్‌మంది. ఇందాకటిదాకా పీతలతో కబుర్లు చెప్పిన నోరది. మాణిక్యం జాకెట్టు పాలతో తడిసిపోయింది.

"తిప్పెయ్ అన్నా! నాకు కువైటూ వద్దు, ఏమీ వద్దు!"

"తూగిన సరుకు తిప్పడం ఎక్కడైనా ఉందా?" అంటూ ధనరాజు కువైట్ రాయి పెట్టాడు. మాణిక్యం పళ్లెం నేలకి తగిలింది.

"అదృష్టవంతురాలివి. నువ్వెళ్లే ఇంట్లో చంటిబిడ్డ ఉందట. నీ పాలు కూడా తూగాయి."

"మరి నా పిల్ల?"

ధనరాజు పసిదాన్ని ఆమె రొమ్ము నుంచి విడదీసి దుర్గాదేవి చేతుల్లో పెట్టాడు. పళ్లెం వెంట్రుకవాసి కూడా పైకి లేవలేదు.