గుంజ మీది గాట్లు

గ్రిమాల్దో పకాయా అమ్మిన ఇల్లు ఒతీలియాను చంపింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆ ఇంటి సంగతి సాన్ హోవితో ఊరంతటికీ తెలుసు. తెలిసీ నోళ్ళు కట్టుకు కూర్చున్నారు. వాళ్ళూ గ్రిమాల్దోతో సమానమేనని ఆమె భర్త అబ్సలోన్ తమాని తీర్మానం.

అబ్సలోన్, ఒతీలియాల పాత ఇల్లు ఉకయాలి నది దిగువన, మూడు మలుపుల అవతల ఉండేది. ఏటి కోతకు మొదట అరటితోట పోయింది, తరవాత కోళ్ళ గూడు, ఒక మధ్యాహ్నం సగం వంటగది. పొయ్యి మీద చేప ఉడుకుతుండగానే పొయ్యీ చేపా కలిసి ఏట్లోకి జారాయి. ఒతీలియా చిన్నప్పుడు తమ్ముళ్ళిద్దరినీ ఏరు మింగడం చూసిన మనిషి. ఆ మధ్యాహ్నం తరవాత నీళ్ళ చప్పుడు వింటే ఆమెకు నిద్ర పట్టేది కాదు. కొత్త ఇంటికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే.

"నీళ్ళు నేల పలకల మీదికి రాని ఇల్లు చూడు. కప్పు కారనీ, దోమలుండనీ. అదొక్కటీ చూడు."

ఆ ఊళ్ళో నేల అందరిదీ. అమ్మేదీ కొనేదీ కర్రే: గుంజలు, పలకలు, ఆకుల కప్పు. గ్రిమాల్దో మోకాళ్ళ నొప్పుల పేరు చెప్పి బడి పక్కన మెరక మీద చిన్నిల్లు కట్టుకున్నాడు, ఏటి ఒడ్డు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. మనిషి పొట్టి, మాట తీపి.

"వకాపు మాను చేవ బావా ఇది. గొడ్డలి పదును పోవాల్సిందే గానీ దీనికి చెద పట్టదు. మనల్ని పాతిపెట్టాక కూడా ఇది నిలబడే ఉంటుంది," అని గుంజను అరచేత్తో చరిచాడు.

మెట్ల పక్క గుంజ మీద అయిదు గాట్లున్నాయి. పెద్ద వరద వచ్చిన ప్రతి ఏడూ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఇంటాయన కత్తితో గాటు పెట్టడం ఆ ఏటి వెంబడి అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. అన్నిటికన్నా పై గాటు అబ్సలోన్ బొడ్డు దగ్గరికి వచ్చింది. నేల పలకలు అతని భుజాల ఎత్తులో ఉన్నాయి.

"పై గాటు ఎవరు పెట్టింది?"

"మా నాన్న. మహా వరద ఏడు."

"దాని పైకి నీళ్ళెప్పుడూ రాలేదా?"

"మా అమ్మ మీద ఒట్టు బావా, ఆ గాటు దాటి ఈ గుంజ తడిసిన రోజు లేదు."

ఒతీలియా భర్త చొక్కా పట్టి లాగింది. "పక్కింటామెను అడగవయ్యా. నీళ్ళెంతదాకా వస్తాయో ఆడదానికే తెలుస్తుంది. గిన్నెలు ఎత్తుకునేది ఆవిడే కదా."

"గుంజ కళ్ళెదుట ఉంటే మనుషులతో ఏం పని? నాలుగు నోళ్ళు, నలభై మాటలు."

పక్కింటి సొరాయిదా అప్పుడు తన మెట్ల మీద కూర్చుని చేపలు తోముతోంది. ఒతీలియా నవ్వితే ఆమె మొహం తిప్పుకుంది. బేరం సాగుతున్న ఇంటి మీద ఇరుగుపొరుగు చెడు పలకకూడదని అక్కడి కట్టుబాటు. పలికితే ఏరు వింటుందట, పలికినవాళ్ళ గడపే ముందు తొక్కుతుందట. కర్రపెండలం కల్లు చెరో చిప్పా తాగి మగవాళ్ళిద్దరూ చేతులు కలిపారు. ఇల్లు అబ్సలోన్‌ది అయింది.

అయిదేళ్ళుగా పెద్ద వరద లేదు. వాళ్ళు దిగిన ఆరో నెలలో వచ్చింది.

మొదటి వారం ఒక్కో గాటూ మునుగుతుంటే అబ్సలోన్ వేళ్ళతో కొలిచి పెళ్ళానికి చెప్పేవాడు. ఆమె వినేది, తల ఊపేది, కోళ్ళను దూలం మీదికి ఎక్కించేది. పై గాటు దగ్గరికి వచ్చాక నీళ్ళు ఒక రోజంతా కదల్లేదు. "చూశావా," అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోయారు.

పొద్దున లేచేసరికి ఇంటి కింద చప్పుడు మారింది. అంతవరకూ గలగలమన్నది కాస్తా గొంతు మూసినట్టు అణిగిపోయింది. ఎగువనుంచి కొట్టుకొచ్చిన మానొకటి గుంజకు తగిలి ఇల్లంతా పళ్ళు కొరికినట్టు కదిలింది. అబ్సలోన్ మెట్టు మీద బోర్లా పడుకుని చెయ్యి ముంచి గాటు కోసం తడిమాడు. మోచెయ్యి మునిగింది. గాటు దొరకలేదు. భుజందాకా ముంచాడు. అప్పుడు వేలికి తగిలింది.

"ఎంతదాకా వచ్చాయి?" లోపలినుంచి ఒతీలియా.

"గాటుకింకా జానెడు కిందే ఉన్నాయి."

"అబద్ధం. పలకల సందుల్లో నా మొహం నాకే కనిపిస్తోంది."

చీమలు ఉండలు ఉండలుగా గోడ ఎక్కుతున్నాయి. నీళ్ళు ఎక్కినప్పుడు అడవిలో ప్రాణమున్నదంతా ఎండిన చోటికే పాకుతుంది, ఆ చోటు మనుషుల కప్పే.

"పైన ఆకుల్లో ఏదో కదులుతోందయ్యా."

"ఎలుక."

"ఎలుక ఆగి ఆగి నడుస్తుంది. ఇది ఆగట్లేదు."

"ఎలుకన్నానా! నీ భయంతో నన్ను చంపకు."

పలకల మధ్య నీళ్ళు బుడగలు కట్టడం మొదలైంది. ఒక బుడగ పగిలి ఆమె పాదం తడిసింది. ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు. తీసుకోవడానికి పొడి చోటు లేదు.

అంతలో సొరాయిదా పడవ గడప దాకా వచ్చింది. మెట్లన్నీ మునిగాయి, పడవ నేరుగా గుమ్మానికే ఆనింది.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నారన్నా? రండి ఒదినా, అందరం బడికి చేరాం. మీరొక్కళ్ళే మిగిలారు."

"గాటు దాటాయి గదా, నీళ్ళు ఇక తీస్తాయి," అన్నాడు అబ్సలోన్. తను ఏమంటున్నాడో తనకే తెలియలేదు.

"ఏ గాటు?"

"గుంజ మీది గాటు. మహా వరదది."

సొరాయిదా తెడ్డు ఆపింది. "దేవుడా. గ్రిమాల్దో మీకు చెప్పలేదా? ఆ గుంజలు ఇక్కడివి కావన్నా. ఎగువన వాళ్ళ నాన్న ఊరు వైనారి నుంచి తెప్ప కట్టి తెచ్చుకున్నాడు, అయిదేళ్ళ కిందట. వైనారి ఎత్తైన గట్టు మీది ఊరు. ఆ గాట్లు అక్కడి నీళ్ళవి. మహా వరదకు ఈ చోట పడవలు కప్పుల మీదుగా పోయాయి."

అబ్సలోన్ గుంజ వైపు తిరిగాడు. ఏళ్ళనాటి చేవ గుంజలను ఎవరూ వదిలి వెళ్ళరు, ఇల్లు మారితే గుంజలూ వెంట వస్తాయి. తన తాతా అలాగే తెచ్చాడు, తండ్రీ అలాగే తెచ్చాడు. ఈ గుంజ ఎక్కడ పుట్టిందని అడగడం అతనికి తోచలేదు.

"మూట తియ్యి!" అని పెళ్ళాం మీద అరిచాడు. "దూలం మీది మూట! తొందరగా!"

ఒతీలియా పైకి చూసింది. అతని వైపు చూసింది. తరవాత మునివేళ్ళ మీద లేచి మూట కోసం కప్పు సందులో చెయ్యి పెట్టింది.

ఆమె అరవలేదు. "అయ్యో, ఎలుక కాదయ్యా," అంది అంతే. హెర్గోన్ పాము, ఎండుటాకు రంగుది, ఆమె మణికట్టు వదిలి నీళ్ళలో పడి తల ఎత్తుకుని ఈదుకుంటూ పోయింది.

వైద్యశాల అవతలి ఒడ్డున, మోటారు పడవ మీద పూట ప్రయాణం. ఒతీలియా చెయ్యి మోచెయ్యి దాటి నల్లబడింది. నడి ఏట్లో చిగుళ్ళనుంచి నెత్తురు వచ్చింది. ఆమెకు నొప్పి పట్టలేదు, పడవ అంచు రెండో చేత్తో గట్టిగా పట్టుకుని నీళ్ళే చూస్తోంది.

"ఇక్కడ ఎంత లోతుంటుందయ్యా?"

"లోతు లేదు. నిలబడితే నడుము దాకా వస్తుంది."

"నన్ను ఇందులో వదిలెయ్యరుగా?"

"వదలం."

ఒడ్డు కనిపించింది. చేరేలోపే ఒతీలియా పోయింది. వేళ్ళు పడవ అంచునుంచి విడదీయడానికి ఇద్దరు మగవాళ్ళు కావలసి వచ్చారు.

నీళ్ళు తీశాక ఊరు బడిలో కూడింది. గ్రిమాల్దో టోపీ చేత పట్టుకుని నిలబడ్డాడు.

"నేనొక్క అబద్ధం ఆడానా బావా? మా నాన్నే గాటు పెట్టాడు, అది నిజం. ఆ గాటు దాటి గుంజ తడవలేదు, అదీ నిజం. గుంజ ఎక్కడిదని అడిగావా? అడిగితే చెప్పేవాణ్ణి కానా?"

"నేను చెప్పాల్సింది," అని సొరాయిదా ఏడ్చింది. "ఆరు నెలలు పక్కనే ఉండి, వాడు చెప్పే ఉంటాడనుకున్నాను."

ఊరి పెద్ద తీర్పు చెప్పాడు: గ్రిమాల్దో మెరక మీద అబ్సలోన్‌కు కొత్త ఇల్లు కట్టాలి, ఊరంతా చెయ్యి వెయ్యాలి. వెనక వరసనుంచి ఒక ముసలామె నెమ్మదిగా అడిగింది. "కప్పులో పాములుంటాయని చంటిపిల్లకు కూడా తెలుసే. ఆ తల్లి చెయ్యెందుకు పెట్టింది నాయనా?"

అందరూ అబ్సలోన్ వైపు తిరిగారు. అతను లేచాడు.

"వీడు కట్టిన ఇల్లు నాకొద్దు. మీ చేతులూ వద్దు, మీ ఏడుపులూ వద్దు. ఒక్కణ్ణీ క్షమించను. ఇంతవరకే చెప్తాను. ఆమె పేరు గానీ, ఆ రోజు గానీ, మళ్ళీ నా ముందు ఎత్తొద్దు. ఎత్తినా నా నోట మాట రాదు, చచ్చేదాకా రాదు."