అద్దంలో కాపురం

పెళ్ళయి నలభై రెండు రోజులైనా ఆమెకింకా కొత్త వదల్లేదు. మొగుడు తుమ్మినా ముచ్చటగానే ఉండేది. అలాంటి ఆమెకు ఊరి బయట ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. డ్యూటీ పొద్దున ఆరింటికి, మొదటి బస్సు ఏడింటికి. సోమవారంలోగా లైసెన్సు చేతికొస్తే అత్తగారి కారులో రోజూ ఇంటినుంచే వెళ్ళొచ్చు. రాకపోతే వారమంతా ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఒంటి మంచం.

అందుకే రూల్స్ పుస్తకం నీళ్ళు తాగినట్టు బట్టీ పట్టింది. భోజనాల దగ్గర మామగారికి సైతం, "జంక్షన్‌కి ఆనుకుని యూటర్న్ తీసుకోకూడదు మామయ్యా. వెనకొచ్చేవాళ్ళకి మనం తిరుగుతామని తెలీదు" అని పాఠం చెప్పింది. పాపం, ఆయనకు సైకిలు కూడా లేదు.

శుక్రవారం పరీక్ష. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు, ఆయన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు. ధైర్యం చెప్పడానికి మొగుడు స్కూటరు మీద వెనకే బయల్దేరాడు.

జంక్షన్ రాగానే ఇన్‌స్పెక్టరు, "ఇక్కడ యూటర్న్ తీసుకోమ్మా" అన్నాడు.

"ఇక్కడ కుదరదండీ. అదిగో బోర్డు. ముందు డివైడర్‌లో గ్యాప్ ఉంది, అక్కడ తిప్పుతాను."

ఆయన కాగితం మీద టిక్కు పెట్టాడు. ఆమెకు భూమ్మీద కాళ్ళు ఆనలేదు. బ్రేకు మీద మాత్రం ఎలాగో ఆనించింది.

గ్యాప్ దగ్గర ముందుగానే ఇండికేటరు వేసింది, వేగం తగ్గించింది, ఆగింది. ఎదురుగా వచ్చే లారీని, రెండు బైకుల్ని పోనిచ్చింది. అంతా పుస్తకంలో ఉన్నట్టే. ఇక అద్దం చూడాలి. చూసింది. అందులో మొగుడు బొటనవేలు ఎత్తి నవ్వుతున్నాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే స్టీరింగు తిప్పింది.

కారు కుదుపుతో ఆగింది. బ్రేకు తొక్కింది ఇన్‌స్పెక్టరు. బానెట్‌కు జానెడు దూరంలో, చేతిసంచితో రోడ్డు దాటుతున్న పెద్దాయన.

"నేను మరీ అంత సన్నగా ఉన్నానా తల్లీ, కనపడకపోడానికి?" అన్నాడాయన.

ఇన్‌స్పెక్టరు ఆమె వైపు ఒరిగి అద్దంలోకి చూశాడు.

"ఇందులో రోడ్డు ఏదమ్మా? స్కూటరు మీద ఒక కుర్రాడు తప్ప ఏమీ కనిపించట్లేదు. ఎవరతను?"

"మావారండీ. బయల్దేరేముందు అద్దం కొంచెం... ఆయన కనపడేలా జరుపుకున్నాను."

"అద్దం చూడాల్సిందేనమ్మా. అందులో కాపురం పెట్టకూడదు. వారం తర్వాత రా."

ఆమె కారు దిగి, ముందు పెద్దాయన దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగింది. ఆయన సంచి పట్టుకుని అవతలి అంచు దాకా నడిచింది. ఈసారి రెండు వైపులా చూసింది, ఒకటికి నాలుగుసార్లు.

మొగుడు ఆదుర్దాగా ఎదురొచ్చాడు. "తప్పంతా నాదే. నేను రాకుండా ఉండాల్సింది."

"నువ్వు రోడ్డు మీదే ఉన్నావుగా. లేనిది నేను" అంది. "వచ్చే శుక్రవారం ఇంట్లోనే ఉండు. నేను పాసై వస్తాను."

"మరి సోమవారం?"

"దుప్పటి సర్దిపెట్టు. పెద్దది కాదు, ఒక్కరికి సరిపోయేది."

అన్నాక తనకే జాలేసి, నవ్వొచ్చి, ఏడుపొచ్చింది. మూడూ ఒకేసారి వస్తే దేనికి ముందు దారివ్వాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు.