స్టేడియం కింద పొలిమేర

ముందు మక్కకంకులు చెల్లాచెదురయ్యాయి. ఆ వెనకే నర్సింహమ్మ కింద పడింది.

యూనివర్సిటీ ఇండోర్ స్టేడియం గేటు ముందు, పట్టపగలు, అంతమంది చూస్తుండగా జరిగిన సంగతి ఇది. లోపల కాలేజీ పిల్లల ఆటల పోటీలు జరుగుతున్నాయి. బయట మా చిన్నమ్మ నర్సింహమ్మ బొగ్గుల కుంపటి పెట్టుకుని కంకులు కాలుస్తోంది. సెక్యూరిటీ సూపర్‌వైజర్ వచ్చి కుంపటిని బూటుకాలితో తన్నాడు.

"యూనివర్సిటీ జాగల దుకాణం పెట్టుమని ఎవరు చెప్పిండ్రు నీకు?"

ఆమె మెల్లగా లేచింది. చీరకు అంటుకున్న నిప్పురవ్వలు దులుపుకుని స్టేడియం వైపు వేలు చూపించింది.

"గా గుండ్రటి కప్పు కింద నా మక్కచేను ఉండె బిడ్డా. నీ జాగల నేను లేను. నా జాగల నువ్వున్నవ్."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఫౌండ్రీలో షిఫ్టు దిగి అటే వస్తున్న నాకు ఆ నవ్వు ఒళ్లంతా మండించింది. గేటు దగ్గర టోపీ పెట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్ లింగం ఒక్కడే నవ్వలేదు. లింగం మా ఊరివాడే. మాదిగవాడ నుంచి వచ్చి అక్కడ కాంట్రాక్టు కాపలా కాస్తున్నాడు. కంకులు ఏరడానికి అతను వంగబోతే సూపర్‌వైజర్ కసిరాడు. లింగం మళ్లీ నిటారుగా నిలబడిపోయాడు.

మా ఊరు ఎర్రకుంటపల్లి. ఇస్నాపూర్ చౌరస్తా నుంచి లోపలికి రావాలి. సర్కారు మా చేన్లలో జెండాలు పాతినప్పుడు పిల్లల చదువు కోసమని చెప్పింది. చదువంటే మావాళ్లకు భక్తి, పోలీసులంటే భయం. ఈ రెండూ కలిస్తే ఇక నోరెక్కడ లేస్తుంది? తాతల నాటి నుంచి దున్నుతున్న భూమిని సర్కారు బీడు అన్నారు. గోడ కట్టారు. గోడకు ఇవతల మాకు మిగిలిన కాస్త నేలకు ఫ్యాక్టరీల నీళ్లు వచ్చి చేరాయి. బావిలో చేదవేస్తే నీళ్లు ఇటుకరంగులో వస్తాయి. తూర్పున యూనివర్సిటీ గోడ, పడమర ఫ్యాక్టరీల గోడ, దక్షిణాన కంపు కొట్టే వాగు. ఊళ్లోకి వచ్చే బండ్లబాట కూడా యూనివర్సిటీ గేటులోంచే పోతుంది. వాళ్లు తాళం తీసినప్పుడే మేం బయటికి రావాలి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు, చేను లాక్కున్నవాళ్లు చివరికి నర్సింహమ్మను గేటు ముందు కంకులు కూడా కాల్చుకోనివ్వలేదు.

ఆ వారంలోనే అసలు పిడుగు పడింది. ఆ వార్త తెచ్చింది సుమిత్ర. యూనివర్సిటీలోనే చదువుకుంటున్న సంగారెడ్డి అమ్మాయి, విద్యార్థి సంఘం నాయకురాలు.

"స్టేడియాన్ని ఒక కంపెనీకి అప్పజెప్తున్నరు. ఇగ ఆటలుండయ్, పెండ్లిళ్లు, ఎగ్జిబిషన్లే. కంపెనీ చేతికి పోయిందంటే దాని కింద భూమి మల్ల మీ మొఖం సూడదు."

చదువుకు కాకపోతే భూమి మాకే ఇవ్వాలని మేం రోడ్డు మీద కూర్చున్నాం. ఫౌండ్రీ కార్మికులొచ్చారు, హాస్టలు పిల్లలొచ్చారు. హైవే మీద లారీలు ఆగిపోయేసరికి విచారణకు ఒక అధికారి దిగాడు. మా గొంతు మేం కోసుకున్నది సరిగ్గా అక్కడే.

మా ఊళ్లో ఊరడమ్మ పండుగనాడు పొలి చల్లుతారు. బలిచ్చిన పొట్టేలు నెత్తురు, పసుపు, వేపాకు కలిపిన అన్నాన్ని గంపలో పెట్టుకుని ఊరి సరిహద్దు పొడవునా చల్లుకుంటూ పోతారు. ఆ గీత మొదలైతే తెగకూడదు. తెగితే ఊరికి అరిష్టం. గంప మోసే హక్కు లింగం ఇంటివాళ్లది. పూర్వం ఆ గీత మా చేన్ల అవతలి గట్టు మీదుగా, ఇప్పుడు స్టేడియం లేచిన చోటి నుంచే వాగు దాకా పోయేది. గోడ లేచిన ఏడాది పెద్దలంతా తలలు పట్టుకున్నారు. గీత తెగడం కంటే వంగడమే నయమనుకుని గోడకు ఇవతల నుంచే తిప్పారు. అప్పటి నుంచీ పొలి గోడ వెంబడే పోతోంది.

అధికారి చాలా మర్యాదగా మాట్లాడాడు. మా పాత సర్పంచి పెద్దరాములును దగ్గర కూర్చోబెట్టుకుని మీ ఊరు ఎక్కడిదాకా అని అడిగాడు.

"మేం పొలి చల్లిందాక మా ఊరే సారూ," అన్నాడు పెద్దరాములు మీసం దువ్వుకుంటూ.

"ఎక్కడ చల్లుతారో చూపించండి."

పొలి విషయంలో మావాళ్లు అబద్ధమాడరు. పెద్దరాములు ముందు నడిచి, గోడ పక్కన నిలబడి, ఇదిగో ఇక్కడే అని చేత్తో చూపించాడు. అధికారి నవ్వాడు.

"అయితే గోడ లోపలిది మీ ఊరు కాదని మీరే ఒప్పుకుంటున్నారన్నమాట. ఇక మీకూ యూనివర్సిటీకీ తగాదా ఏముంది?"

మా వేలితో మా కన్నే పొడుచుకున్నాం. అధికారి జీపు దుమ్ము లేపుకుంటూ పోతుంటే మేం ఆ గోడ పక్కనే నిలబడిపోయాం.

సాయంత్రం స్కూలు అరుగు మీద మీటింగు పెట్టాం. ఎవరి కోపం వాళ్లది. కంపెనీకి తాళాలిచ్చే రోజే ఊరడమ్మ పండుగ పెడదామన్నాను నేను. పొలిని పాత దారినే, స్టేడియం నడుమ నుంచే తీసుకుపోదామన్నాను.

సుమిత్ర ఒప్పుకోలేదు. "దేవత పేరు మీద భూమి అడిగితే, రేపు ఇంకోడు దేవుని పేరు మీద మనల్నే ఎల్లగొడ్తడు సత్తెన్నా."

"గది మా పొలిమేర పోరీ! దేవత కాడికి ఎందుకు పోతున్నవ్?" అన్నాడు పెద్దరాములు.

"పొలిమేర అయితే ఆడోళ్లు తలుపులేసుకుని ఎందుకు కూసోవాలె? పొలమంతా నాటేసింది వాళ్లే గద. అందరు నడుస్తరంటె నేనొస్త. లేకుంటె రాను."

ఆడవాళ్లలో గుసగుసలు లేచాయి. పొలి పోతుంటే ఆడది ఎదురు రాకూడదని మా ఊరి కట్టుబాటు. నర్సింహమ్మ ముందు లేచి, నడుస్తామంది. తర్వాత అందరి కళ్లూ లింగం మీద పడ్డాయి. అతను అరుగు కింద, నేల మీద కూర్చున్నాడు.

"నేను మొయ్య," అన్నాడు లింగం.

"ఏందిరా?" పెద్దరాములు గద్దించాడు. "కొలువు పోతదని భయమా?"

"భయమే పటేలా, ఎందుకుండదు? అయితె అదొక్కటే గాదు." లింగం నేల మీంచి లేచాడు. "చేన్లున్ననాడు మా అమ్మ మీ మడిల వంగి నాటేసేది. గట్టు మీద కూసుంటె లేపేటోళ్లు. గప్పుడు అది మీ భూమి. ఇయ్యాల చేతిల నుంచి పోయినంక మన భూమి అయ్యిందా? మీ భూమి సుట్టు తిరుగుడే మా తాతల సంది మాకు దక్కింది. మల్లొకపారి తిరిగి, లాఠీ దెబ్బలు తిని, మీకు అప్పజెప్పి పోవాల్నా?"

పెద్దరాములు చేతికర్ర ఎత్తాడు, నేను అడ్డం పోయాను. మీటింగు చెదిరిపోయింది. అధికారి మాటకు కుంగినదాని కంటే ఎక్కువగా కుంగిపోయాను ఆ రోజు. శత్రువు కట్టిన గోడ ఒక్కటే అనుకున్నాం. మేం కట్టుకున్నది అంతకంటే పాతది.

తెల్లవారి నర్సింహమ్మ మాదిగవాడకు పోయింది. ఆ ఇళ్ల ముందు మా పటేళ్ల ఆడవాళ్లు కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆమె లింగం వాకిట్లో గడప పక్కన చతికిలబడింది. వెంట పోయిన నేనూ కూర్చున్నాను.

"రాత్రంత నాకు కన్నంటలే లింగా. నువ్వన్నది నిజం. భూమి వస్తే పంచుకుందాం. దున్నినోళ్లం, నాటేసినోళ్లం, అందరం. నా వంతు ముంగట పంచుత."

"మరి రాకపోతే పటేలమ్మా?"

"రాకపోతే జైలు పంచుకుందాం."

లింగం భార్య లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి, ఇవ్వాలా వద్దా అని గుమ్మంలో ఆగింది. నర్సింహమ్మ చేయి చాపి తీసుకుని గటగటా తాగింది.

పండుగనాడు స్టేడియం ముందు కార్లు బారులు తీరాయి. పెద్దలొస్తున్నారని పోలీసులు ముందే దిగారు. మా డప్పులు వినపడగానే సూపర్‌వైజర్ గేటు మూయమని కేకేశాడు. గేటు దగ్గర డ్యూటీలో ఉన్నది లింగం. అతను టోపీ తీసి కుర్చీ మీద పెట్టి, రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. మేం తెచ్చిన పొలిగంప నెత్తికెత్తుకున్నాడు.

"పొలీ!" అని కేక పెట్టాడు. మేమంతా ఆ కేక అందుకున్నాం.

స్టేడియం లోపల నున్నటి చెక్కనేల మీద ఎర్రటి మెతుకులు పడుతుంటే కోటు తొడుక్కున్న పెద్దమనుషులు కుర్చీలు ఎక్కారు. లింగం అటూ ఇటూ చూడకుండా నడిచాడు. అతని వెనక ఆడవాళ్లు, హాస్టలు పిల్లలు, చేతిలో చెప్పులు పట్టుకుని పెద్దరాములు. మొదటి లాఠీ లింగం చెవి మీద పడింది. అతను తూలితే గంప నర్సింహమ్మ అందుకుంది. ఆడదాని చేతికి పొలిగంప రావడం మా ఊళ్లో అదే మొదటిసారి. ఆమె మీద దెబ్బ పడబోతే సుమిత్ర అడ్డం వచ్చి భుజం పగలగొట్టుకుంది. వెనక తలుపులోంచి బయటపడేసరికి ఎదురుగా కాంపౌండు గోడ. మా వెనక షట్టరు దించి తాళం వేశారు. భవనానికీ గోడకూ నడుమ ఇరుకు సందులో, దొడ్లోకి తోలిన గొడ్లలాగా ఇరుక్కుపోయాం. రెండు చివర్లా పోలీసులు.

"ఆగొద్దు," అంటున్నాడు లింగం, చెవి నుంచి నెత్తురు కారుతుంటే. "ఆగితే గీత తెగుతది."

గోడ అవతల జనం గోల వినిపిస్తోంది. షిఫ్టు దిగిన మా ఫౌండ్రీ వాళ్లు ఇస్నాపూర్ కిరాయి గదుల నుంచి కదిలి వచ్చారు. పెద్దరాములు అందరినీ తోసుకుంటూ వచ్చి, గోడకు చేతులానించి నడుం వంచాడు.

"ఎక్కు లింగా."

లింగం కదల్లేదు. పటేలు వీపు మీద కాలు పెట్టడానికి అతని ఒళ్లు ఒప్పుకోవడం లేదు.

"ఎక్కుమంటున్ననా లేదా! జల్దీ ఎక్కు!"

లింగం ఎక్కాడు. నర్సింహమ్మ అందించిన గంపను గోడ మీదికి జరిపాడు. అవతలి నుంచి రెండు నల్లటి చేతులు వచ్చి అందుకున్నాయి. అవి నాతోపాటు భట్టీ దగ్గర పనిచేసే బీహారీ రాంబిలాస్ చేతులు. ఇక్కడ అతనికి చాప పరుచుకునేంత నేల కూడా లేదు.

"కిధర్ జానా హై?" అని, ఎటు పోవాలో చెప్పమని అరిచాడు.

"సీదా పో బిడ్డా! వాగు దాక సీదా పో!" అని ఇవతలి నుంచి నర్సింహమ్మ గొంతు చించుకుంది.

"బోల్‌నా క్యా హై?" ఏమని కేకెయ్యాలో అడిగాడు.

"పొలి!"

అతని నోట్లో ఆ మాట వంకరగా వచ్చింది. వెంటనే వందగొంతులు దాన్ని పట్టుకున్నాయి. ఆ కేక దూరమవుతుంటే సందులో మా మీద లాఠీలు విరుగుతున్నాయి. నేను ఏడుస్తున్నాను. దెబ్బలకు కాదు.

వ్యానులో తోసి మమ్మల్ని స్టేషనుకు తీసుకుపోయారు. దారిలో కిటికీ జాలీలోంచి చూస్తే వాగు ఒడ్డున జనం కనిపించారు. పొలి చేరింది. స్టేషన్లో ఎస్సై ఒక్కొక్కరినీ నిలబెట్టి, స్టేడియం కింద ఎవరికి ఎంత భూమి పోయిందో అడిగాడు. లింగం దగ్గరికొచ్చేసరికి వెటకారంగా నవ్వాడు.

"నీకు అండ్ల జానెడు జాగ లేదు గదరా. నువ్వెందుకొచ్చినవ్ దెబ్బలు తిననీకి?"

లింగం చెవి మీద గుడ్డ తీసి ఎస్సై కళ్లలోకి చూశాడు.

"ఉన్నది సారూ. ఇయ్యాల్టి సంది ఉన్నది."

ఎస్సై అతన్నే మొదటి ముద్దాయిని చేశాడు. రెండో పేరు తనదే రాసుకొమ్మని నర్సింహమ్మ ముందుకొచ్చింది. ఆమె వెనక పెద్దరాములు, అతని వెనక సుమిత్ర, ఆ వెనక మేమంతా వరుస కట్టాం.