శనివారం తగిలిన దెబ్బ

శనివారం రగ్బీ ఆటలో ఇలైసా తలకి దెబ్బ తగిలినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేనే. కింద పడ్డవాడు లేచి, బంతి చంకన పెట్టుకుని ఎదుటి జట్టు గీత వదిలేసి మా గీత వైపే పరుగెత్తాడు మరి. "బావా, పెళ్ళాం అటుందా?" అని అరిచాను. వాడు నా మేనత్త కొడుకు, నా ఈడువాడు. ఫిజీలో బావలు ఒకరినొకరు ఏడిపించుకోకపోతే ఏదో తగువొచ్చిందనుకుంటారు.

నర్సు మైదానంలోకి వచ్చి, "ఇతను బాగానే ఉన్నాడా?" అని నన్నడిగింది. రగ్బీ జట్టు కెప్టెన్ని నేను. ఇంకా పది నిమిషాల ఆట ఉంది, మేము మూడు పాయింట్లే ముందున్నాం. "వాడి తల ఎప్పుడూ అంతేనమ్మా" అన్నాను. ఆమె కూడా నవ్వి వెళ్ళిపోయింది. గెలిచాం.

సోమవారం లంబాసా ఊరి దగ్గర దుంగలు కోసే మా సామిల్లులో పండగే. మా మిల్లు జట్టు పదేళ్ళ తర్వాత కప్పు గెలిచింది. ఫోర్‌మన్ బిసున్ కప్పుని టీ బల్ల మీద పెట్టాడు. ఎవరూ అడక్కుండానే జనం దుంగలు ఎక్కించేస్తున్నారు. రోజూ అరిచే బిసున్ ఆ పూట ఒక్కరినీ తిట్టలేదు.

టీ తాగుతుంటే ఇలైసా కర్రపెండలం ముక్క నములుతూ, "ఇంతకీ శనివారం ఎవరు గెలిచార్రా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ముక్క మింగి మళ్ళీ అదే మాట, అదే గొంతుతో అడిగాడు. జనం ఇంకా నవ్వారు. నేను మాత్రం నవ్వు ఆపేశాను. కప్పు వాడి ఎదురుగానే ఉంది.

బెల్లు మోగింది. ఇలైసా వెళ్ళి పెద్ద రంపం దగ్గర నిలబడ్డాడు. దుంగని రెండు చేతులతో రంపం మీదికి తోయడమే వాడి పని. పోయినేడు ఆ రంపమే ఒక ముసలాయన నాలుగు వేళ్ళు తీసుకుంది.

"బావా, ఇవాళ్టికి నువ్వు తప్పుకో. నేను చూసుకుంటా."

"నీ మొహం! చీపురు పట్టుకోడం రానోడివి, రంపం పడతావా?"

"ఎగతాళి కాదురా. నిజంగా చెప్తున్నా."

"నిజమా? నీ నోటెంట ఎప్పుడైనా వచ్చిందా అది?"

చుట్టూ నవ్వులు. బిసున్ దగ్గరికి పరుగెత్తి, ఇలైసాని రంపం దగ్గర్నించి తప్పించమన్నాను. "మంచి ఊపు మీదున్నారు, చెడగొట్టకు కెప్టెన్. మధ్యాహ్నానికే రెండు లారీలు నిండుతాయి" అన్నాడు. నర్సుకి నేనేం చెప్పానో మాత్రం అతనికి చెప్పలేదు. చెబితే ఇక ఈ మిల్లులో నా మొహం చూసేదెవరు?

వెనక్కి తిరిగాను. ఇలైసా చేతులు దుంగ మీదే ఉన్నాయి. కళ్ళు మాత్రం ఎవరో పిలిచినట్టు తలుపు వైపు తిరిగి ఉన్నాయి. దుంగ ముందుకి కదులుతోంది, దాంతో పాటే చేతులూ.

గోడ మీద రంపం ఆపే ఎర్ర మీట నొక్కేశాను.

రంపం పూర్తిగా ఆగేదాకా మీట మీంచి చెయ్యి తియ్యలేదు. నా జన్మలో అంత భయపడలేదు. ఇలైసా వేళ్ళకీ రంపం పళ్ళకీ మధ్య జానెడు కూడా లేదు. బిసున్ తిట్లు లంకించుకున్నాడు.

"శనివారం నర్సుకి అబద్ధం చెప్పాను!" అని అరిచాను. "వీడికి గట్టిగానే తగిలింది. తెలిసీ ఆడించాను. కప్పు వెనక్కిచ్చేయమన్నా ఇచ్చేద్దాం. ముందు వీణ్ణి ఆసుపత్రికి పంపండి."

ఎవరూ నవ్వలేదు. ఇలైసా నా వైపు నడిచొచ్చాడు. గూబ పగలగొడతాడనుకున్నాను. నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"రెండ్రోజుల్నించీ భయంగానే ఉంది బావా" అన్నాడు మెల్లగా. "నువ్వు నవ్వుతున్నావు కదా, అయితే నాకేం కాలేదులే అనుకున్నా."