మనోరమక్క కాళ్ళు

మనోరమక్క ట్రాక్ ప్యాంటును తొడల పైదాకా లాక్కుని, నాకు వీపు చేసి నిలబడింది. చూడమన్నది నన్ను. తాను మాత్రం గోడకు లేచిన సున్నం పెచ్చును చూస్తోంది.

"పోతయా బిడ్డా గివి?"

మానుకోటలో నేను కసరత్తు నేర్పే లేడీస్ జిమ్ముకు వచ్చిన మొదటి రోజు ఆమె అడిగిన మొదటి మాట అది. తొడల వెనక, మోకాలి మడత దాకా, వాన వెలిసిన ఇసుక మీద చినుకుల గుర్తుల్లా చిన్న చిన్న గుంటలు. సెల్యులైట్ అంటారు. నేను బీపీఈడీ చదివాను కనుక ఆ మేరకు తెలుసు. చర్మం కింద కొవ్వు పైకి తన్నుతుంది, దాన్ని పట్టి ఉంచే నారలు కిందికి గుంజుతాయి, పైన గుంట పడుతుంది. రోగం కాదు. ఆడవాళ్ళలో ఎక్కువ మందికి ఉంటాయి, బక్కవాళ్ళకు కూడా ఉంటాయి. కసరత్తు చేస్తే లోపల కండ గట్టిపడి, కొవ్వు కొంత తగ్గి, పైకి నునుపుగా కనబడొచ్చు గానీ పూర్తిగా మాత్రం పోవని చెప్పాను.

"ఎంత పోతయ్?" అన్నది. వ్యాపారం చేసే ఇంటి మనిషి, లెక్క కావాలి. లెక్క చెప్పలేనక్కా అన్నాను.

ఆమె భర్త గోపాల్ సేటుది బెల్లం హోల్‌సేల్ దుకాణం. అంతకు ముందటి మేడారం జాతరకు ఆ ఇల్లంతా కలిసి పోయింది. అక్కడ అమ్మవార్ల గద్దెల దగ్గరికి పోయే ముందు వాగులో స్నానం చేస్తారు. మనోరమక్క చీర పైకి దోపుకుని ముక్కు పట్టుకుని వంగి మునుగుతుంటే గోపాల్ సేటు గట్టు మీద నిలబడి ఫోన్‌లో వీడియో తీశాడు. తీసి, జనగామ వాళ్ళూ భూపాలపల్లి వాళ్ళూ నలభై మంది చుట్టాలుండే గ్రూపులో పెట్టాడు. తడిసిన చీర కింద వెనక తొడలు కనబడ్డాయి. భూపాలపల్లి మరిది ఒకడు దాని కింద గుంటలు గుంటలుగా ఉండే బత్తాయి తొక్క బొమ్మ పెట్టాడు. మొదట నవ్వింది గోపాల్ సేటే. ఆ రాత్రి మంచం మీద అటు తిరిగి పడుకుంటూ, చూస్తే నాకే కడుపుల తిప్పినట్టయిందని అన్నాడట.

ఈ మాటలన్నీ ఆమె ఏడుస్తూ చెప్పలేదు. గుంజీళ్ళు తీస్తూ, లెక్క తప్పకుండా, మధ్య మధ్యలో చెప్పింది.

వచ్చే జాతరకు మళ్ళీ అదే వాగులో అందరి ముందర దిగాలని ఆమె పంతం. కాళ్ళు బాగైతే నిలువెత్తు బంగారం ఇస్తానని సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంది. మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు. మొక్కిన మనిషి ఎంత తూగితే అంత బెల్లం గద్దెకు ఇయ్యాలి.

మా దగ్గరికి రాకముందు చెయ్యని పని లేదు. కాఫీ పొడి నూనెలో కలిపి రుద్దుకుంది. హోటలు వాళ్ళు పార్సిలుకు చుట్టే ప్లాస్టిక్ కాగితం కొని రెండు తొడలకూ చుట్టుకుని వంట చేసింది. విప్పితే చెమటకు చర్మం ఉడికి, పాచిపోయిన అన్నం వాసన వచ్చిందట. ఎవరో చెప్తే ఇంట్లో ఉన్నదే గదా అని బెల్లం, నిమ్మరసం కలిపి పట్టేసుకుని పడుకుంది. తెల్లారేసరికి పరుపు నిండా చీమలు. గోపాల్ సేటు దుప్పటి తీసి దులిపి, పరుపు మొత్తం పారేయమన్నాడు.

నాకు రోత పుట్టింది ఆ చీమల సంగతి విని కాదు, ఆ పరుపు పారేయడం విని.

అయితే నా చేతులూ శుభ్రమైనవి కావు. అది చెప్పాలి.

మా జిమ్ము యజమాని రాజమౌళి ఇదివరకు ఫ్లెక్సీలు కొట్టిన మనిషి. ఏ వస్తువైనా ఆయనకు ఫ్లెక్సీ మీద ఎట్లా కనబడుతుందన్నదే ముఖ్యం. కొత్తగా చేరిన ప్రతి ఆమెకూ రికార్డు కోసమని ఒక ఫొటో తియ్యమనేవాడు. నడినెత్తిన ట్యూబులైటు కింద, కాళ్ళు వదులుగా పెట్టి, వెనక నుంచి. పైనుంచి వెలుగు పడితే ఉన్న గుంటలన్నీ నీడలు పట్టి రెండింతలు కనబడతాయి. నెల తర్వాత రెండో ఫొటో. కిటికీకి ఎదురుగా నిలబెట్టి, జర నూనె రాసి, మునివేళ్ళ మీద లేపి తియ్యాలి. ఎదురు వెలుగుకు నీడ ఉండదు, బిగించిన కండకు గుంట దొరకదు. మనోరమక్కకు రెండూ నేనే తీశాను. ఆ రెండు ఫొటోల నడుమ ఉన్నది నెల రోజుల తేడా కాదు, ట్యూబులైటుకూ కిటికీకీ ఉన్న తేడా. రాజమౌళి వాటిని పక్కపక్కన పెట్టి, నడుము పైభాగం కోసేసి, 'ముప్పై రోజుల్లో మీ కాళ్ళు' అని రాసి బస్టాండు ఎదురుగా కట్టించాడు. ఆమెను అడగలేదు. నన్నూ అడగలేదు, అయినా నేను తీసినదే గదా.

వారం దాచి, ఆగలేక చెప్పేశాను. ఆమె తువ్వాలుతో మెడ తుడుచుకుంది.

"మొహం లేదు గదా బిడ్డా, ఉండనియ్యి" అన్నది. మర్నాడు అయిదు గంటలకు రావలసిన మనిషి నాలుగున్నరకే వచ్చి గేటు దగ్గర కూర్చుంది. ఆ పూట నేను ఆమె మొహం చూడలేకపోయాను.

నాలుగు నెలలు గడిచాయి. అరవై గుంజీళ్ళు తీస్తోంది. బియ్యం బస్తా భుజాన పెట్టినా మెట్లెక్కుతుంది. తొడ మీద చెయ్యి వేస్తే టేకు చెక్కలాగా ఉంది. కానీ తూకం యంత్రం మీద డెబ్బై ఆరు కిలోలకు ఒక్క గ్రాము తగ్గడం లేదు. పైన కొవ్వు అట్లాగే ఉంటే లోపలి కండ ఎవరికి కనబడుతుంది? నాకు అర్థం కాలేదు. ఒకరోజు కసరత్తు అయిపోయాక బట్టలు మార్చుకునే గదిలోకి పోతే, ఆమె స్టీలు డబ్బా తెరిచి నెయ్యి కలిపిన బెల్లం, పల్లీలు గబగబా మింగుతోంది. పెదవుల చివర నెయ్యి కారుతోంది. తినాలని తింటున్నట్టు లేదు. మందు మింగినట్టు కళ్ళు మూసుకుని మింగుతోంది.

అడిగితే చాలా మామూలుగా చెప్పింది.

"మొక్కిననాడు డెబ్బై ఆరున్న. నేను తగ్గితె అమ్మల బంగారం తగ్గదా? తూకంల మోసం చేసినట్టు గాదా?"

తూకంలో మోసం చెయ్యని ఇల్లని పేరు తెచ్చుకున్న కుటుంబం వాళ్ళది. ఆ పేరు కోసం, నాలుగు నెలలుగా పొద్దున చెమటోడ్చి కరిగించిందంతా ఆ డబ్బాతో మళ్ళీ నింపుకుంది. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. మొక్కిన నాటి బరువే తూచి ఇద్దువు గానీ, నువ్వు తగ్గితే అమ్మలకు పోయేదేమీ లేదక్కా అన్నాను. అది నాకు చిన్న మాట. ఆమెకు చిన్న మాట కాదు. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు డబ్బా తేకుండా వచ్చింది.

ఆ తర్వాత ఎనిమిది కిలోలు తగ్గింది. సంక్రాంతి దాటాక ఒక పొద్దున నన్ను పిలిచి, రెండు అద్దాలు ముందొకటి వెనకొకటి పెట్టమన్నది. కిటికీ పరదా వేసి ట్యూబులైటు కింద తానే నిలబడింది. ఈసారి గోడ వైపు చూడలేదు. ముందు వైపు, పక్కలు నునుపుగా ఉన్నాయి. వెనక గుంటలు తగ్గాయి, లోతూ తగ్గింది. కానీ ఉన్నాయి. కాలు వదులు చేస్తే అన్నీ లేచి వచ్చాయి. నేను ఊరడించే మాట ఏదైనా వెతుక్కునేలోపే ఆమె తేల్చేసింది.

"సగం పోయినయ్."

మా తండా పెద్దవంగర దగ్గర. ప్రతి జాతరకూ గుంపు పెరగకముందే డీసీఎం వ్యాను మాట్లాడుకుని ఆడవాళ్ళమంతా మేడారం పోతాం. తండా మొక్కు బెల్లం కొందామని నేను గోపాల్ సేటు దుకాణానికి పోయిన రోజే మనోరమక్క తన మొక్కు తూపిస్తోంది. లోపల గోనెసంచుల తడి, పులిసిన పాకం వాసన. ముద్దల మీద ఈగలు నల్లగా ముసిరి ఉన్నాయి. ఇద్దరు హమాలీలు కాంటా దగ్గరున్నారు. ఆమె వాళ్ళతో ముప్పై ఎనిమిది కిలోలు పెట్టమన్నది.

గల్లాపెట్టె ముందున్న గోపాల్ సేటు తలెత్తాడు. డెబ్బై ఆరు గదా మొక్కినవని అడిగాడు.

"సగమే పోయినయ్. సగమే ఇస్త."

హమాలీలలో పెద్దాయన నవ్వు దాచుకోవడానికి సంచి మూతి కట్టే పని పెట్టుకున్నాడు. నేను పైకే నవ్వాను. గోపాల్ సేటు నవ్వలేదు. ఫోన్ తీశాడు. రెండేళ్ళ కిందటి ఆ వీడియో వెతకడానికి ఆయనకు పది సెకన్లు కూడా పట్టలేదు. ఆపి, బెల్లం జిగురంటిన రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి నా మొహం ముందర పెట్టాడు.

"నేర్పేది నువ్వే గదా. గిప్పుడు గివి సగం పోయినయా? చెప్పు పిల్లా."

హమాలీలు తల దించుకున్నారు. ఫోన్ అద్దం మీద జిగురుకు ఒక ఈగ వచ్చి వాలింది. అద్దంలో కనబడుతున్న ఆ తొడ మీద అటూ ఇటూ నడిచింది. గోపాల్ సేటు బొటనవేలితో దాన్ని తోలాడు, మళ్ళీ వాలింది, మళ్ళీ తోలాడు. తన భార్య కాళ్ళ మీద ఈగలు తోలుతూ నా జవాబు కోసం చూస్తున్నాడు.

నేను ఆ ఈగనే చూస్తుంటే ఆయనే అందుకున్నాడు. బస్టాండు దగ్గర మీ జిమ్ము ఫ్లెక్సీ రోజూ చూస్తున్నా, కాళ్ళంటే ఆమెవి కాళ్ళు, నెలరోజుల్లో ఎట్లా చేసుకుందో చూడు, నీకు తొమ్మిది నెలలైనా సగమేనా అని భార్యను దెప్పాడు. చెబుతుంటే ఆయన కళ్ళలో ఒక మెరుపు కూడా వచ్చింది.

మనోరమక్క కాంటా మీది ముద్దను సర్దుతూనే అన్నది.

"అవి గూడ నావే."

ఆయనకు అర్థం కాలేదు. నా వైపు చూశాడు. ఔను సేటూ, నేనే తీసిన, రెండు ఫొటోలూ అక్కవే అన్నాను. ఆయన మొహంలో సిగ్గు వస్తుందేమోనని చూశాను. రాలేదు. వచ్చింది కోపం.

"బస్టాండుల పెట్టిండ్రా? వచ్చేటోడు పోయేటోడు చూడంగ?"

నలభై మందికి తన చేతులతో పంపినవాడు ఆ మాటన్నాడు. అంతటితో ఆగక, ఈసారి జాతరకు వస్తే కారు దిగొద్దని, వాగు వైపు అడుగు పెట్టి తన ఇజ్జత్ తియ్యొద్దని, పిల్లలకు చెప్పినట్టు వేలు చూపిస్తూ చెప్పాడు.

మనోరమక్క తూకం ముల్లు సరిగా నిలిచేదాకా చూసి, సంచి కట్టమన్నది. ఎక్కడ వెయ్యాలమ్మా అని పెద్దాయన అడిగాడు.

"మౌనికోళ్ళ డీసీఎంల" అన్నది నన్ను చూపిస్తూ.

రెండు రోజుల తర్వాత ఆమె మా తండా ఆడవాళ్ళ నడుమ, బెల్లం సంచిని ఆనుకుని కూర్చుని, గంగారం అడవి తొవ్వ పొడుగునా కుదుపులకు పక్కవాళ్ళ మీద పడుతూ వచ్చింది. ఫోన్ మోగుతూనే ఉంది. కాసేపు చూసి సంచి అడుగున పడేసింది.

వాగు దగ్గర మావాళ్ళు దిగీ దిగగానే చీరలు దోపారు. మనోరమక్క గట్టు మీదే ఆగింది. చీర అంచు మడమల దాకా ఉంది. వెనక్కి తిరిగి ఎవరు చూస్తున్నారా అని చూసింది, మళ్ళీ చూసింది. తొమ్మిది నెలలుగా గుంజీళ్ళు తీసిన కాళ్ళు ఒక్క అడుగు వెయ్యలేకపోతున్నాయి. రాజమౌళిని, సేటును, ఫొటో తీసిన నన్నూ కలిపి అదే నీళ్ళలో ముంచాలనిపించింది.

మా యాడి, అంటే మా అమ్మ, ముందర దిగి వంగి మొహం కడుక్కుంటోంది. ముప్పై ఏళ్ళుగా నాట్లు వేసిన మనిషి. మోకాలి లోతు బురదలో దినమంతా వంగి ఉండే కసరత్తు ఏ జిమ్ములోనూ లేదు. పిక్కలు బండరాళ్ళు. దోపిన చీర కింద, తొడల వెనక మాత్రం అవే గుంటలు. మనోరమక్క చూసింది. కన్నార్పకుండా చూస్తుంటే యాడి పసిగట్టి, మెడ వెనక్కి తిప్పి తన కాలు తాను చూసుకోబోయింది.

"ఏమైంది అమ్మా? జలగ పట్టిందా?"

ఏం లేదన్నది మనోరమక్క. యాడి నమ్మలేదు. నలుగురు ఆడవాళ్ళను పిలిచి తన తొడలు చూడమన్నది. వాళ్ళు చూసి, చరిచి, ఏం లేదు పొమ్మన్నారు. యాడి మళ్ళీ మొహం కడుక్కోవడంలో పడింది.

మనోరమక్క చీర మోకాళ్ళ పైకి లాగింది. ఇంకొంచెం లాగి నడుముకు దోపింది. నీళ్ళలో కాలు పెట్టింది. ఎవరో కొరిగించుకున్న వెంట్రుకల ఉండ, చిరిగిన షాంపూ ప్యాకెట్టు, కొబ్బరి పీచు, నురగ తేలుతూ వచ్చి ఆమె పిక్కకు అంటుకున్నాయి.

"ఛీ, ఏం నీళ్ళే ఇవి" అన్నది మొహం ముడుచుకుని. కాలితో వాటిని తన్నింది గానీ గట్టెక్కలేదు.

వెనక, గుండు గీయించుకుని పసుపు పూసుకున్న ముసలమ్మ ఒకామె ఎంతసేపని చూస్తుంది, అందుకుంది.

"మునుగుతె మునుగు బిడ్డా, లేకుంటె జర తొవ్వ ఇడువు. ఎనక మస్తు మందున్నరు."

మనోరమక్క ముక్కు పట్టుకుంది. ఆ మురికిలోనే వంగి, ఒక్కటి, రెండు, మూడు మునకలు వేసింది.