బోర్లాపడిన ముక్క

ఆ ల్యాబులో అందరూ ఆవిడను మైనం పిన్ని అంటారు. రోగుల ఒంట్లోంచి తీసిన చిన్న చిన్న ముక్కలను కరిగిన మైనంలో నిలబెట్టి, గడ్డకట్టాక పల్చటి పొరలుగా కోసి అద్దాలమీద పరచడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పక్కన కూర్చునే ఆవిడ రిటైరై ఏడాదైంది, ఆ కుర్చీలోకి ఇంకెవరినీ తేలేదు. పిన్నికి ఉన్నవి రెండు చేతులేనని పైవాళ్ళకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అందుకే చెప్పడం మానేసింది.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ ఆవిడను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. అద్దంమీద ఉన్నది గడియారాలు బాగుచేసే పెద్దాయన అన్నవాహిక ముక్క. అందులో రక్షణ కణాలు గుంపులుగా మూగి ఉన్నాయి. కడుపులోని పులుపు ఎగదన్ని కాలిన చోటికీ అవి పరుగెత్తుకొస్తాయి, క్యాన్సర్ మొదలైన చోటికీ వస్తాయి. వీధిలో జనం మూగితే గొడవకో గారడీకో దూరాన్నుంచి తెలియదు కదా, ఇదీ అంతే. చెడ్డ కణాలు పైపొర దాటి కిందికి దిగాయో లేదో చూడాలంటే రెండు పొరల మధ్య సరిహద్దు గీత కనబడాలి. ముక్కను నిలువుగా కోస్తేనే అది కనబడుతుంది. ఇది అడ్డంగా తెగింది.

పిన్ని చూడగానే పోల్చుకుంది. మైనంలో ముక్క బోర్లా పడింది. పెట్టింది తనే, ముక్క వచ్చిన రోజు చివరి ట్రేలో, కళ్ళు మూతలు పడుతుండగా. మైనం కరిగించి మళ్ళీ నిలబెడదామంటే, ముక్కంతా పొరలు కోయడంలోనే అయిపోయింది, అందులో మిగిలిందేమీ లేదు.

డాక్టరమ్మ ఆవులిస్తూ, ముక్క చాలలేదని రాసి పంపేద్దామంది. ఎప్పుడూ రాసేదే, ఎవరిమీదా నేరం పడదు. కానీ ఆ పెద్దాయన వారం నుంచి బయట బల్లమీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాడు, ముక్క తీయడానికి గొంతులోకి దించే ఆ గొట్టాన్ని చచ్చినా రెండోసారి దించుకోనని. చాలలేదన్న కాగితం చేతికిస్తే సంచీ సర్దుకుని ఇంటికి పోతాడు. లోపల నిజంగా క్యాన్సరే ఉంటే దానికిక అడ్డే ఉండదు.

పిన్ని గ్లవ్స్ తీసేసి బయటికి వచ్చింది. కాళ్ళు ఒకటే పీకుతున్నాయి. వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"ముక్క పనికిరాకుండా పోయిందండీ. తప్పు నాదే. అలిసిపోయి వంకరగా పెట్టాను."

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. నీ అలుపుకి నా గొంతే దొరికిందా అని నిలదీశాడు. పిన్ని తలవంచుకుని విన్నది, ఉన్నమాటే కదా. అరిచి అరిచి ఆయనే అలిసిపోయి, అసలు ఎంత ముక్క అది అని అడిగాడు. బియ్యపుగింజలో సగమంది. ఎలా నిలబెట్టాలో గోటిమీద చూపించింది. ఆయన వంగి చూశాడు. నలభై ఏళ్ళుగా అంతకన్నా చిన్న చక్రాలను నిలబెట్టిన మనిషి.

"చక్రం వంకరగా పెట్టింది నేనేనని ఇన్నేళ్ళలో ఒక్క గిరాకీకీ చెప్పలేదమ్మా నేను," అన్నాడు చివరికి. "సరే, దించుకుంటాను. ఈసారి మాత్రం పొద్దున్నే పెట్టు."

పది రోజుల తర్వాత పొద్దున్నే, మొదటి ట్రేలో అన్నిటికన్నా ముందు ఆయన కొత్త ముక్కనే పెట్టింది. మైనం గట్టిపడేదాకా దానిమీంచి కన్ను తీయలేదు.

మర్నాడు డాక్టరమ్మ ఆవిడనూ చూడమంది. గీత చక్కగా కనబడుతోంది. దాని కింద రక్షణ కణాలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కచోట గీత తెగి, నాలుగు చెడ్డ కణాలు వాటి మధ్యలోకి దిగాయి. మొదట్లోనే దొరికింది, నయం చేయొచ్చు అంది డాక్టరమ్మ. పది రోజుల్లో తెగిన గీత కాదిది, ఆ బెంగ పెట్టుకోవద్దని కూడా అంది. నమ్మాలనే ఉంది పిన్నికి. కానీ గీత అప్పటికే తెగి ఉందని రుజువు చూపించాల్సిన మొదటి ముక్కను తనే పాడుచేసింది.

బయట పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"సరిగ్గా వచ్చిందా?"

"వచ్చిందండీ. లోపలికి రండి, డాక్టరమ్మ మాట్లాడతారట."

ఆయన కదల్లేదు. ఆవిడ ముఖంకేసి చూస్తూ ఉండిపోయాడు.

"అయితే ఉందన్నమాట."

ఆ మాట చెప్పవలసింది ఆవిడ కాదు. అయినా ఈయనకు ఒకసారి నిజం చెప్పాక ఇప్పుడు దాచడానికి మనసొప్పలేదు.

"ఉందండీ," అని ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.