కుజావా పేరు పక్కన సున్న

ఆ రోజుల్లో మా ఊరి పత్రికలో బాస్కెట్‌బాల్ ఆటగాడి పేరు పక్కన నాలుగే గడులుండేవి. వేసిన బుట్టలు, ఫ్రీ త్రోలు, చేసిన ఫౌల్‌లు, మొత్తం పాయింట్లు. అంతే. బోర్డుకు కొట్టుకుని వెనక్కి వచ్చిన బంతిని నలుగురి భుజాల మీంచి లాక్కున్నవాడికి గడి లేదు. అవతలి జట్టులోని పొడగరిని ఆట పొడుగునా కదలనివ్వనివాడికీ లేదు. మా ఆయన బ్రోనెక్ కుజావా చేసేది ఆ రెండు పనులే.

మాది మిచిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి రెండేళ్ళవుతోంది. ఊళ్ళో సగం మందిమి పోలిష్ వాళ్ళం, మగవాళ్ళకు తోళ్ళ కార్ఖానా తప్ప మరో దారి లేదు. బ్రోనెక్ పగలంతా సున్నపు తొట్టిలో నానిన తోళ్ళు పైకి లాగేవాడు. సాయంత్రాలు కార్ఖానా జట్టులో ఆడేవాడు. సున్నానికి వేళ్ళ సందులు ఒరిసిపోయి, బంతి గట్టిగా పడితే నెత్తురు చెమ్మగిల్లేది. పందికొవ్వు రాసి గుడ్డ చుట్టడం నా పని.

ఆ చలికాలం చివర్లో మా జట్టు పెద్ద లీగ్‌లో చేరుతుందని కబురు వచ్చింది. చేరితే ఆటకే జీతం, ఇక తొట్టి మొహం చూడక్కర్లేదు. కొత్త మేనేజర్ హాల్‌బెక్ కావలసిన వాళ్ళందరినీ ఎంచేసుకున్నాడు. ఒక్క చోటు మిగిలింది. దానికి పోటీ బ్రోనెక్‌కీ ఫెలిక్స్ కుజావ్‌స్కీకీ.

పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ చుట్టరికం లేదు. ఒకే వీధిలో పెరిగారు. మా పెళ్ళిలో తోడు పెళ్ళికొడుకుగా బ్రోనెక్ పక్కన నిలబడింది ఫెలిక్సే.

"ఈ ఏడాది ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాడే. నాకు మొహమాటాల్లేవు," అన్నాడు హాల్‌బెక్.

ఇద్దరికీ పాయింట్లు తక్కువే. ఆఖరి ఆట నాటికి బ్రోనెక్ ఒక్క పాయింటు ముందున్నాడు. ఆ మధ్యాహ్నం ఫెలిక్స్ మా ఇంట్లోనే క్యాబేజీ కూర తిన్నాడు.

"ఒరేయ్ బ్రోనెక్, ఇవాళ చేతులు జేబుల్లో పెట్టుకుని ఆడరా. నీకు పుణ్యముంటుంది."

"పెట్టుకున్నా నిన్ను గెలుస్తాలే. పోయిన వారం నువ్వేసిన బంతి బుట్టకి కాదు, ఫాదర్ గారి టోపీకి తగిలింది."

"ఆయన ఆశీర్వదించాడురా దాన్ని!"

ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆట మొదట్లో బ్రోనెక్ తనకు అలవాటు లేని పని చేశాడు. అవతలి జట్టులో తాను అడ్డుకోవలసిన మనిషిని వదిలి బుట్ట కోసం పరుగెత్తాడు. బంతి రెండుసార్లు ఇనుప కడియానికి తగిలి బయటికి పోయింది. ఈలోగా అతను వదిలిన గ్రెషమ్, తలుపు వంచుకుని రావలసినంత ఎత్తున్న మనిషి, వరసగా వేసుకుంటూ పోయాడు. సగం ఆటకే బాగా వెనకబడ్డాం. నేను కూర్చున్నచోటి నుంచే బ్రోనెక్ తువ్వాలు నేలకు కొట్టడం కనబడింది. రెండో సగంలో మళ్ళీ గ్రెషమ్‌కు గోడలా అడ్డుపడ్డాడు. గ్రెషమ్ ఇక ఒక్కటి కూడా వేయలేకపోయాడు.

ఆట ముగియబోతుండగా మా వాళ్ళు వేసిన బంతి తప్పి పైకి లేచింది. బ్రోనెక్, ఫెలిక్స్ ఇద్దరూ ఎగిరారు. బ్రోనెక్ వేళ్ళకే తగిలి బంతి బుట్టలో పడింది. గుడ్డ చుట్టిన ఆ చెయ్యి నాకు స్పష్టంగా కనిపించింది. ఒక్క పాయింటుతో గెలిచాం. జనమంతా లేచి నిలబడ్డారు. లెక్కలు రాసే ముసలి ఓటోకు ముందున్న వీపులు తప్ప ఏమీ కనబడలేదు. "ఎవరు వేశారు?" అని అరిచాడు. "కుజా..." అని ఎవరో అన్నారు. మిగతాది కేకల్లో కొట్టుకుపోయింది.

మర్నాడు పత్రికలో ఆ బుట్ట కుజావ్‌స్కీ పేరు పక్కన ఉంది. కుజావా పేరు పక్కన సున్న, సున్న, నాలుగు ఫౌల్‌లు, సున్న. బుట్టకు రెండు పాయింట్లు, ఆ రోజు ఫెలిక్స్‌కు వేరే ఏమీ రాలేదు. ఆ లెక్కన ఫెలిక్స్ ఒక్క పాయింటు ముందు.

బ్రోనెక్ మొదట నవ్వాడు. "ఓటోకి కళ్ళజోడు కొనివ్వాలే హెలా," అన్నాడు. కోటు వేసుకునేటప్పుడు గుండీలు పెట్టుకోలేకపోతే నేనే పెట్టాను.

ఇద్దరం హాల్‌బెక్ దగ్గరికి వెళ్ళి, బంతికి తగిలిన చెయ్యి నేను చూశానని చెప్పాం. అతను మర్యాదగానే మాట్లాడాడు. "భార్య సాక్ష్యం నేను తీసుకోలేనయ్యా. కుజావ్‌స్కీ వచ్చి ఆ బంతి తనది కాదని ఒక్క ముక్క చెబితే ఇప్పుడే మారుస్తా."

నా గుండె తేలికపడింది. ఫెలిక్స్ ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్ళాం.

ఫెలిక్స్ మంచి చొక్కా వేసుకుని ఉన్నాడు. అతని భార్య రెజీనా కాఫీ పోసి, గసగసాల రొట్టె కోసి పెట్టింది. మమ్మల్ని చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

"ఆ బంతి నాదిరా ఫెలిక్స్," అన్నాడు బ్రోనెక్.

"తెలుసు."

"మరి పద. హాల్‌బెక్‌కి ఒక్క మాట చెప్పు."

ఫెలిక్స్ కాఫీ కప్పు వైపే చూశాడు. "చెప్పనురా."

"ఏమిటీ?"

"రెజీనాకి మూడో నెల. పొద్దున్నే తొట్టి వాసన నా ఒంటి మీద తగిలితే చాలు, వాంతులు. ఇంకెక్కడికి పోను? నన్ను తిట్టు, కొట్టు. చెప్పను."

కొడతాడనే అనుకున్నాను. బ్రోనెక్ లేచి కుర్చీని బల్ల కిందికి జాగ్రత్తగా తోశాడు. అతను తిట్టలేదు, నేనే తిట్టాను. పోలిష్‌లో నాకు తెలిసిన బూతులన్నీ తిట్టాను. ఫెలిక్స్ తలెత్తలేదు. వీధిలోకి వచ్చాక బ్రోనెక్, "ఇక పోనీవే," అన్నాడు. సోమవారం తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

ఫెలిక్స్‌కు కూడా ఆ చోటు అచ్చిరాలేదు. పెద్ద లీగ్‌లో ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు. క్రిస్మస్ లోపే తీసేశారు. ఆపై ఏడాది చిన్న ఊళ్ళు లాభం లేదని లీగ్ మా జట్టునే వదిలేసింది. రెజీనా కాన్పులో బిడ్డ దక్కలేదు. అది విన్నరోజు నేను సంతోషించలేదు, ఏడవనూ లేదు.

ఫెలిక్స్ మళ్ళీ కార్ఖానాలో చేరాడు. ఫోర్‌మన్ అతన్ని బ్రోనెక్ ఉన్న తొట్టి దగ్గరే వేశాడు. మాటల్లేకుండా వేసవి గడిచింది. ఒకరోజు అందరూ పనిలో ఉండగా ఫెలిక్స్ తోళ్ళు లాగే కొక్కెం కింద పెట్టి గట్టిగా అన్నాడట. "ఆ బంతి వీడిదే. ఆ రోజు వేసింది వీడే."

పక్కవాళ్ళకు ఏ బంతో, ఏ రోజో అర్థం కాలేదు. కొత్తగా చేరిన వాళ్ళకైతే ఇక్కడొక జట్టు ఉండేదన్న సంగతే తెలియదు. ఎవరూ అడగలేదు.

"నువ్వేమన్నావు?" అని అడిగాను, రాత్రి భోజనం దగ్గర బ్రోనెక్ అది చెబుతుంటే.

"ఏమంటాను? ఆ తోలు అటు చివర పట్టుకోరా, జారిపోతోంది అన్నాను."